రిహార్సల్ గదిలో ‘సరికాదు’ అన్న మనిషి: ఆలిస్ చిల్డ్రెస్ నాటకం ‘ట్రబుల్ ఇన్ మైండ్’ – ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ‘ట్రబుల్ ఇన్ మైండ్’ నాటకంలోని ఇతివృత్తాన్ని, పాత్రలను వివరించగలుగుతారు.
• జాతివివక్షకు వ్యతిరేకంగా ఒక నాటక సంస్థ చేసే ప్రకటనను విమర్శ దృష్టితో పరిశీలించగలుగుతారు.
• పాత్రధారణలో చోటు దొరకడానికీ, నిర్ణయంలో చోటు దొరకడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• ఆలిస్ చిల్డ్రెస్, ఆగస్ట్ విల్సన్ ఆలోచనలను పోల్చి చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

‘మేము జాతివివక్షకు వ్యతిరేకం. మా వేదిక అందరిదీ’ అని ఒక నాటక సంస్థ ప్రకటించిందనుకోండి. విమర్శకుడు ఆ మాటను ఎలా పరిశీలించాలి? 2020 తర్వాత అమెరికాలో ఎన్నో నాటక సంస్థలు ఇలాంటి ప్రకటనలు చేశాయి. వాటిని మెచ్చుకోవడం తేలిక. శంకించడం ఇంకా తేలిక. ఈ రెండింటిలో ఏదీ విమర్శ కాదు. సాహిత్య విద్యార్థులకు ఇంతకంటే నికరమైన కొలమానం కావాలి.

అలాంటి కొలమానం ఒక నాటకంలోనే దొరుకుతుంది. నల్లజాతి అమెరికన్ రచయిత్రి ఆలిస్ చిల్డ్రెస్ రాసిన ‘ట్రబుల్ ఇన్ మైండ్’ 1955లో న్యూయార్క్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. జాతివివక్షను ఖండించే నాటకం ఒకటి వేయడానికి సిద్ధమవుతున్న బృందం కథ ఇది. అంటే ఇందులో నాటకంలో నాటకం ఉంది. బృందంలో తెల్లవారు, నల్లవారు కలిసి పనిచేస్తుంటారు. దర్శకుడికి తాను మంచిపని చేస్తున్నానన్న నమ్మకం ఉంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఈ పాఠంలో ప్రధానంగా చెప్పదలచుకున్న విషయం ఇది. సంస్థ సంకల్పం ఎంత నిజమో తెలుసుకోవడానికి వేదిక మీద ఎవరెవరు ఉన్నారో లెక్కపెడితే చాలదు. రిహార్సల్ గదిలో ‘ఇది సరికాదు’ అన్న మనిషికి మర్నాడు ఆ పని ఉంటుందా, ఊడుతుందా అన్నది చూడాలి. ఈ సూత్రం నాటకంలోంచి ఎలా వస్తుందో, ఆ నాటకానికే జరిగిన దానితో ఎలా రుజువవుతుందో ఇప్పుడు వరసగా చూద్దాం.

2. నేపథ్యం: వేదికా, కుర్చీలూ

నాటకశాలలో వివక్ష అనగానే నల్లవారిని వేదిక ఎక్కనివ్వకపోవడం ఒక్కటే గుర్తుకు వస్తుంది. చరిత్ర అంత సూటిగా లేదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ థియేటర్‌ను తీసుకోండి. అక్కడ నల్లజాతి నటులు వేదిక మీద నటించవచ్చు. కానీ నల్లజాతి ప్రేక్షకుడు టికెట్ కొని లోపల కూర్చోవడానికి వీల్లేదు. 1936లో ‘పోర్గీ అండ్ బెస్’ అనే సంగీత నాటకం అక్కడికి వచ్చింది. అందులోని ముఖ్య నటీనటులు టాడ్ డంకన్, ఆన్ బ్రౌన్ తమవాళ్లు చూడలేని శాలలో తాము పాడబోమన్నారు. యాజమాన్యం ఆ ప్రదర్శనల వరకు నిబంధన సడలించింది. అవి ముగియగానే పాత పద్ధతి మళ్లీ వచ్చింది.

1948లో అమెరికన్ నటుల సంఘం ‘యాక్టర్స్ ఈక్విటీ’ గట్టిగా నిలబడింది. వివక్ష పాటించే ఆ శాలలో తమ సభ్యులు నటించరని తేల్చి చెప్పింది. యాజమాన్యం తన పద్ధతి మార్చుకోవడానికి ఇష్టపడక, నాటకశాలను సినిమా హాలుగా మార్చేసింది. 1952లో అది అందరికీ ప్రవేశం కల్పిస్తూ నాటకశాలగా మళ్లీ తెరుచుకుంది.

ఈ ఉదంతంలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, వేదిక మీద చోటు ఇచ్చినంత మాత్రాన శాలలో చోటు ఇచ్చినట్లు కాదు. రెండు, ఇద్దరు నటులు కాదన్నప్పుడు వచ్చిన మార్పు కొద్ది రోజులే నిలిచింది. సంఘం మొత్తం కాదన్నప్పుడు వచ్చినది స్థిరపడింది. మన నాటకంలోని కథానాయిక ఒంటరిగా కాదంటుంది. ఈ తేడాను మనసులో పెట్టుకుని ముందుకు వెళ్దాం.

3. రచయిత్రి

ఆలిస్ చిల్డ్రెస్ దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్ల్స్‌టన్‌లో పుట్టారు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగారు. 1940లో హార్లెమ్‌లో ఏర్పడిన ‘అమెరికన్ నీగ్రో థియేటర్’లో ఏళ్ల తరబడి నటిగా పనిచేశారు. ‘నీగ్రో’ అనే మాట అప్పటి వాడుకలోనిది. ఇప్పుడు దాన్ని గౌరవప్రదంగా భావించరు. 1944లో బ్రాడ్‌వేకు వెళ్లిన ‘అన్నా లుకాస్టా’ నాటకంలో కూడా ఆమె నటించారు. న్యూయార్క్ నగరంలోని పెద్ద వాణిజ్య నాటకశాలల సముదాయాన్నే బ్రాడ్‌వే అంటారు.

ఆమె మొదటి నాటకం ‘ఫ్లోరెన్స్’ 1949 నాటిది. 1956లో వచ్చిన ‘లైక్ వన్ ఆఫ్ ది ఫ్యామిలీ’ పుస్తకంలో ఇళ్లలో పనిచేసే ఒక నల్లజాతి స్త్రీ తన స్నేహితురాలితో చెప్పుకునే కబుర్లు ఉంటాయి. ‘మా ఇంటి మనిషివే’ అని యజమానురాలు ప్రేమగా అనే మాటలో ఏం దాగి ఉందో ఆమె అందులో విప్పి చూపారు. ఆప్యాయంగా కనిపించే మాటల వెనక ఉన్న హెచ్చుతగ్గులను పట్టుకోవడం చిల్డ్రెస్ రచనకు ప్రాణం. ‘ట్రబుల్ ఇన్ మైండ్’లో అదే చూపు నాటకశాల మీదికి తిరిగింది. నటిగా లోపలి నుంచి చూసిన ప్రపంచం కాబట్టి ప్రతి వివరమూ తెలిసినట్లుగా ఉంటుంది.

4. ఇతివృత్తం

కథ అంతా ఒక బ్రాడ్‌వే నాటకశాలలో రిహార్సల్స్ సమయంలో జరుగుతుంది. విలెట్టా మేయర్ నడివయసు నల్లజాతి నటి. ఎన్నో ఏళ్లుగా పనిమనిషి పాత్రలూ తల్లి పాత్రలూ వేసి అలిసిపోయింది. మొదటి రోజు రిహార్సల్‌కు అందరికంటే ముందు వస్తుంది. అప్పుడే వృత్తిలోకి అడుగుపెడుతున్న జాన్ నెవిన్స్ అనే కుర్రవాడికి బతకనేర్పు నేర్పుతుంది. దర్శకుడి హాస్యానికి నవ్వాలి. నాటకం బాగుందా అంటే బాగుందనాలి. ఇంతకుముందు ఏం చేశావంటే ‘పోర్గీ అండ్ బెస్’లో చేశానని చెప్పాలి, చేయకపోయినా సరే. ఇవీ ఆమె నేర్పే పాఠాలు.

మిగతా బృందంలో ఖరీదైన దుస్తులు వేసుకుని తన హోదా కాపాడుకునే మిల్లీ డేవిస్, ఎవరినీ నొప్పించకుండా నెట్టుకొచ్చే వృద్ధ నటుడు షెల్డన్ ఫారెస్టర్ నల్లవారు. కళాశాల నుంచి కొత్తగా వచ్చిన జూడీ సియర్స్, అనుభవం ఉన్న నటుడు బిల్ ఓరే తెల్లవారు. దర్శకుడు ఆల్ మ్యానర్స్ తెల్లవాడు. హెన్రీ నాటకశాల వాకిలి దగ్గర ఉండే ఐరిష్ వృద్ధుడు.

వాళ్లు సిద్ధం చేస్తున్న నాటకం పేరు ‘కేయాస్ ఇన్ బెల్‌విల్’. దాన్ని రాసింది తెల్లజాతి రచయిత. దక్షిణాదిలో జోబ్ అనే నల్లజాతి యువకుడు ఓటు హక్కు కోసం ముందుకు వస్తాడు. మూక అతని ప్రాణం తీయడానికి వెంటపడుతుంది. తల్లి అతన్ని దాచదు, ఊరు దాటించదు. తప్పు ఒప్పుకుని చట్టానికి లొంగిపొమ్మంటుంది. దారిలో మూక అతన్ని చంపేస్తుంది. కొడుకు చావుకు వెళ్తుంటే ఇంట్లో తల్లి ప్రార్థిస్తూ పాడుతూ ఉంటుంది. ఆ తల్లి పాత్ర విలెట్టాది. కొడుకు పాత్ర జాన్‌ది.

మ్యానర్స్ నటీనటులను పాత్ర మనసులోకి వెళ్లమంటాడు. ప్రతి కదలికకూ కారణం వెతకమంటాడు. విలెట్టా అతని మాట నిజంగానే పాటిస్తుంది. తల్లి మనసులోకి వెళ్లి చూస్తే అక్కడ కారణం దొరకదు. ఏ తల్లి అయినా కొడుకును మూకకు అప్పగిస్తుందా అని అడుగుతుంది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, చివరికి అందరి ముందూ అడుగుతుంది. మ్యానర్స్ సహనం నశిస్తుంది. ఆ రోజుకు రిహార్సల్ రద్దవుతుంది. మర్నాటి సంగతి ఫోన్ చేసి చెబుతామని స్టేజ్ మేనేజర్ అందరినీ పంపేస్తాడు. తనకు ఫోన్ రాదని విలెట్టాకు తెలుసు. పిలవకపోయినా రేపు వస్తానంటుంది. ఖాళీ శాలలో హెన్రీ చప్పట్ల రికార్డు వేస్తుండగా, సోదరులు కలిసిమెలిసి ఉండటాన్ని కీర్తించే బైబిలులోని 133వ కీర్తనను ఆమె వేదిక మీద నిలబడి చెబుతుంది. నాటకం అక్కడ ముగుస్తుంది.

5. విశ్లేషణ

5.1 మ్యానర్స్ దుర్మార్గుడా?

కాదు. ఈ నాటకాన్ని చదివేటప్పుడు విద్యార్థులు ముందుగా తప్పించుకోవలసిన పొరపాటు అతన్ని ప్రతినాయకుడిగా చూడటం. మ్యానర్స్ ఈ నాటకాన్ని మనస్ఫూర్తిగా చేస్తున్నాడు. నల్లవారి కష్టాల మీద నాటకం వేయడానికి డబ్బు పుట్టించడం అప్పట్లో మాటలు కాదు. అతను ఆ పని చేశాడు. అతను దుర్మార్గుడే అయితే చిల్డ్రెస్ నాటకం రాయనక్కరలేదు, ఒక ఫిర్యాదు రాస్తే సరిపోయేది. మంచి ఉద్దేశం ఉన్న మనిషి చేతిలో కూడా అధికారం ఎలా పనిచేస్తుందన్నదే ఆమె వేసిన ప్రశ్న.

5.2 నేల మీద కాగితం

మొదటి అంకంలో ఒక చిన్న ఘట్టం ఉంది. మ్యానర్స్ ఒక కాగితాన్ని నలిపి నేల మీద పడేసి, తీయమని విలెట్టాను ఆజ్ఞాపిస్తాడు. ఆమె బిత్తరపోతుంది. ఆ పని తనది కాదని భగ్గుమంటుంది. వెంటనే మ్యానర్స్ ముఖం వెలిగిపోతుంది. ఇది అభ్యాసం మాత్రమేననీ, తనకు కావలసింది ఇలాంటి నిజమైన కోపమేననీ అంటాడు.

ఈ ఘట్టాన్ని రెండో అంకంలోని ఘర్షణ పక్కన పెట్టి చదవండి. రెండు చోట్లా విలెట్టాకు కోపం వచ్చింది. మొదటి కోపాన్ని దర్శకుడు మెచ్చుకున్నాడు. రెండో కోపానికి రిహార్సల్ ఆపేశాడు. మొదటిదాన్ని నటన కోసం వాడుకోవచ్చు. రెండోది నాటక ప్రతిని మార్చమంటోంది. నల్లజాతి నటి ఉద్వేగం అతనికి కావాలి, ఆమె అభిప్రాయం అక్కర్లేదు. ఒక సంస్థ ‘మీ అనుభవం మాకు విలువైనది’ అన్నప్పుడు ఈ తేడాను గుర్తుచేసుకోవాలి. అనుభవాన్ని ముడిసరుకుగా తీసుకోవడం వేరు, అనుభవించిన మనిషి తీర్పుకు తల ఒగ్గడం వేరు.

5.3 షెల్డన్ చూసినది

మూకహత్య మీద నాటకం వేస్తున్న ఆ గదిలో దాన్ని కళ్లారా చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను షెల్డన్. అందరితో సర్దుకుపోతూ, అవసరమైతే నవ్వించి గట్టెక్కే మనిషి. చిన్నతనంలో తాను చూసింది ఒక సందర్భంలో అతను చెబుతాడు. గది నిశ్శబ్దమైపోతుంది. ఆ తర్వాత? నాటక ప్రతిలో ఒక్క అక్షరం కూడా మారదు. సాక్షి గదిలోనే ఉన్నాడు. అతని సాక్ష్యం విని అందరూ చలించారు. కానీ ఊహించి రాసిన మాటకే చివరికి అధికారం మిగిలింది.

షెల్డన్ విలెట్టాను సమర్థించడు. పైగా గొడవ వద్దంటాడు. అతన్ని పిరికివాడని తేల్చేయకండి. పని పోతే ఇంటి అద్దె ఎలా కట్టాలన్న బెంగ అతనిది. ఒక్కొక్కరి భయానికి ఒక్కొక్క కారణం చూపిస్తూ, ఆ గదిలో ఐక్యత ఎందుకు పుట్టలేదో చిల్డ్రెస్ వివరించారు. వాషింగ్టన్ నేషనల్ థియేటర్ విషయంలో సంఘం చేసిన పనిని ఇక్కడ ఒంటరి మనిషి చేయవలసి వచ్చింది.

5.4 ‘నీ కొడుకైతే?’

నాటకంలోని పతాక ఘట్టం ఇది. నీ సొంత కొడుకునైతే ఇలా పంపుతావా అని విలెట్టా మ్యానర్స్‌ను నిలదీస్తుంది. కోపంలో అతని నోరు జారుతుంది. తన కొడుకుతో ఆమె కొడుకును పోల్చవద్దనీ, ఎదురుగా ఉన్న జాన్‌కూ తన కొడుక్కూ పోలికే లేదనీ అంటాడు. అంతవరకు దర్శకుడి మాటతీరును అనుకరిస్తూ అతని పక్షాన నిలబడ్డ జాన్ కళ్లు అక్కడ తెరుచుకుంటాయి.

మనుషులంతా ఒక్కటే అని చెప్పడానికి నాటకం వేస్తున్నవాడు, తన కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఒక్కటి కాదన్నాడు. ఈ మాటను అతని మీద ఎవరూ మోపలేదు. ప్రశ్న అతని నోటి నుంచే దాన్ని రాబట్టింది. అప్పటిదాకా అతనికే తెలియని నమ్మకం అది. ప్రశ్నించేవారు లేని గదిలో ఆ నమ్మకం ఎన్నటికీ బయటపడేది కాదు. సంస్థలో అసమ్మతికి చోటు ఉండాలన్నది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదని ఇక్కడ తెలుస్తుంది. తమ సంకల్పంలోని లోపం తమకు కనిపించడానికి సంస్థకు ఉన్న మార్గం అదే.

5.5 కాలం చూపిన తల్లి

ఈ నాటకం 1955 నవంబరులో ప్రదర్శనకు వచ్చింది. అంతకు రెండు నెలల ముందు, ఆగస్టు 28న మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుణ్ని ఘోరంగా చంపారు. అతని తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తెరిచి ఉంచాలని పట్టుబట్టింది. తన బిడ్డకు ఏం చేశారో లోకమంతా చూడాలన్నది ఆమె నిర్ణయం. ఆ తల్లి పక్కన, కొడుకును లొంగిపొమ్మని చెప్పి పాడుతూ కూర్చున్న ‘కేయాస్ ఇన్ బెల్‌విల్’ తల్లిని నిలబెట్టి చూడండి. విలెట్టా అడుగుతున్నది రాజకీయ నినాదం కాదు. పాత్రలో సత్యం ఉండాలని అడుగుతున్నది. కాబట్టి ఆమె అభ్యంతరం నీతికి ఎంత సంబంధించినదో, నాటక కళకు కూడా అంతే సంబంధించినది. జాతివివక్ష ఇక్కడ చెడ్డ రచన రూపంలో కనిపిస్తోంది.

తెలుగులో దళిత సాహిత్య విమర్శను చదివిన మీకు ఈ చర్చ కొత్తగా అనిపించదు. సానుభూతితో రాసినదానికీ స్వానుభవంతో రాసినదానికీ తేడా ఏమిటని ఆ విమర్శ అడిగింది. చిల్డ్రెస్ నాటకం దానికి మరో ప్రశ్న చేరుస్తుంది. సానుభూతితో రాసిన దాన్ని, అనుభవం ఉన్న మనిషి గొంతుతో పలికించవలసి వస్తే ఏం జరుగుతుంది? కవితను పక్కన పెట్టేయవచ్చు. నటి మాత్రం ఆ మాటను తన నోటితో, తన శరీరంతో ప్రతి రాత్రీ నిజమని పలకాలి.

6. నాటకానికి జరిగినదే

1955లో ఈ నాటకాన్ని వేసింది గ్రీనిచ్ మ్యూస్ థియేటర్ అనే చిన్న నాటకశాల. ఒక చర్చి, ఒక యూదుల ప్రార్థనా మందిరం కలిసి దాన్ని నడిపేవి. అన్ని జాతుల వారినీ కలుపుకుని నాటకాలు వేస్తుందని దానికి పేరు. అంటే సంకల్పం ఉన్న సంస్థే. అక్కడ కూడా ముగింపును సర్దుబాటుగా మార్చమని రచయిత్రి మీద ఒత్తిడి వచ్చింది. చిల్డ్రెస్ ఒప్పుకుని, బృందం రాజీపడే ముగింపు రాశారు. నాటకం 91 ప్రదర్శనలు ఆడింది. ఆ ముగింపు ఆమెను చాలాకాలం బాధించింది. తర్వాత ప్రచురణకు ఇచ్చినప్పుడు, పైన చెప్పుకున్న ముగింపును నిలబెట్టారు.

తర్వాత బ్రాడ్‌వే నుంచి పిలుపు వచ్చింది. 1957లో ప్రదర్శించాలన్నది ఏర్పాటు. నిర్మాతలు మళ్లీ మళ్లీ మార్పులు అడిగారు. ప్రేక్షకులు భరించగలిగేలా మెత్తగా ఉండాలన్నారు. నాటకంలో మ్యానర్స్ చెప్పే కారణం కూడా ఇదే: జనం ఇంకా దీనికి సిద్ధంగా లేరు. కొంతకాలం తిరగరాసిన తర్వాత చిల్డ్రెస్ ఇక కాదన్నారు. ప్రదర్శన ఆగిపోయింది. విలెట్టాకు రాని ఫోన్ ఆమెను సృష్టించిన రచయిత్రికి కూడా రాలేదు.

ఆ ప్రదర్శన జరిగి ఉంటే బ్రాడ్‌వేలో నాటకం వేసిన తొలి నల్లజాతి రచయిత్రి చిల్డ్రెస్ అయ్యేవారు. ఆ స్థానం 1959లో ‘ఎ రైజిన్ ఇన్ ద సన్’తో లొరెయిన్ హాన్స్‌బెరీకి దక్కింది. ‘ట్రబుల్ ఇన్ మైండ్’ బ్రాడ్‌వేకు చేరింది 2021 నవంబరులో. రౌండబౌట్ సంస్థ దాన్ని ప్రదర్శించింది. దర్శకుడు చార్ల్స్ రాండాల్ఫ్-రైట్, విలెట్టాగా నటించింది లషాన్జ్. తొలి ప్రదర్శనకూ దీనికీ మధ్య 66 ఏళ్లు గడిచాయి. చిల్డ్రెస్ 1994లోనే కన్నుమూశారు. ఆలస్యంగానైనా వచ్చింది కదా అనుకోవచ్చు. కానీ ఆ మధ్యకాలంలో ఆమె బ్రాడ్‌వేకు రాయగలిగి ఉండిన నాటకాలు ఎన్నో ఎవరు చెప్పగలరు? వివక్ష వల్ల జరిగే నష్టంలో కనిపించని భాగం ఇది. నిరాకరించిన నాటకం ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. రాయకుండా మిగిలిపోయినది ఎప్పటికీ దొరకదు.

7. మరో సమాధానం: సొంత నేల

విలెట్టా తన ప్రశ్నను వేరేవాళ్ల ఇంట్లో నిలబడి అడిగింది. అసలు ఆ ఇల్లే మనదైతే? ఈ దిశలో బలంగా వాదించినవారు నాటకకర్త ఆగస్ట్ విల్సన్. 20వ శతాబ్దంలో నల్లవారి జీవితం మీద దశాబ్దానికి ఒకటి చొప్పున పది నాటకాలు రాసిన రచయిత ఆయన. 1996 జూన్ 26న ప్రిన్స్‌టన్‌లో జరిగిన నాటక సంస్థల సదస్సులో ఆయన ప్రసంగించారు. పెద్ద ప్రాంతీయ నాటకశాలల సమాఖ్యలో 66 సంస్థలు ఉంటే, వాటిలో నల్లవారిది అనదగినది ఒక్కటేనని ఎత్తి చూపారు. అది న్యూజెర్సీలోని క్రాస్‌రోడ్స్ థియేటర్.

నటుడి రంగును పట్టించుకోకుండా ఏ పాత్రనైనా ఎవరికైనా ఇచ్చే పద్ధతి అప్పటికి ప్రగతిశీలమని పేరు తెచ్చుకుంది. విల్సన్ దాన్ని వ్యతిరేకించారు. తెల్లవారి కోసం రాసిన పాత్రలలో నల్లవారిని నిలబెట్టడం వారి చరిత్రను చెరిపేయడమేనన్నది ఆయన వాదం. నటులకు పాత్రలు పంచడం కంటే, నల్లవారి సంస్థలకు వనరులు అందడం ముఖ్యమన్నారు. విమర్శకుడు, దర్శకుడు రాబర్ట్ బ్రూస్టీన్ దీన్ని ఖండించారు. ఇది మళ్లీ వేరు కుంపట్లు పెట్టుకోవడమేననీ, కళకు కొలత కళే కావాలనీ ఆయన వాదన. 1997 జనవరి 27న న్యూయార్క్ టౌన్ హాల్‌లో ఇద్దరూ ముఖాముఖి చర్చించారు. నటి, నాటకకర్త ఆనా డెవేర్ స్మిత్ ఆ చర్చను నిర్వహించారు.

ఇద్దరి వాదాలలోనూ బలహీనతలు ఉన్నాయి. విల్సన్ నాటకాలు పేరు తెచ్చుకున్నది ఆయన విమర్శించిన ఆ పెద్ద సంస్థల వేదికల మీదనే. విమర్శకులు ఈ విషయాన్ని అప్పుడే ఎత్తిచూపారు. బ్రూస్టీన్ చెప్పిన కళా ప్రమాణం ఎవరు నిర్ణయించినది అన్న ప్రశ్నకు ఆయన వాదంలో తృప్తికరమైన జవాబు లేదు. ‘కేయాస్ ఇన్ బెల్‌విల్’ గొప్ప నాటకమని మ్యానర్స్ కూడా నమ్మాడు కదా!

సొంత నేల ఉన్నా దాన్ని నిలుపుకోవడం మరో పోరాటం. క్రాస్‌రోడ్స్ థియేటర్ 1999లో ఉత్తమ ప్రాంతీయ నాటకశాలగా టోనీ పురస్కారం అందుకుంది. మరుసటి ఏడాదే అప్పుల వల్ల ప్రదర్శనలు ఆపుకోవలసి వచ్చింది. గౌరవమూ వనరులూ ఒకే దారిలో రావని ఈ ఉదాహరణ చెబుతుంది.

8. 2020 తర్వాత

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణించిన తర్వాత నాటకరంగంలో కూడా నిరసన పెల్లుబికింది. కరోనా వల్ల బ్రాడ్‌వే అప్పటికే మూతపడి ఉంది. జూన్‌లో 300 మందికి పైగా నాటక కళాకారులు ‘వుయ్ సీ యూ, వైట్ అమెరికన్ థియేటర్’ పేరుతో బహిరంగ లేఖ విడుదల చేశారు. తర్వాత సుదీర్ఘమైన డిమాండ్ల పత్రాన్ని వెలువరించారు. సంస్థల సంకల్ప ప్రకటనలు చాలావరకు ఈ సమయంలో వచ్చినవే.

ఆ డిమాండ్లలో ఒకటి ఆసక్తికరమైనది. ప్రదర్శనకు ముందు సాంకేతిక రిహార్సల్స్ రోజుల్లో 12 గంటల్లో 10 గంటలు పనిచేయించే పద్ధతిని ఎత్తేయాలని అడిగారు. దీనికీ జాతివివక్షకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. షెల్డన్ ఇంటి అద్దెను గుర్తుచేసుకోండి. వెనక ఆస్తి లేనివాడు, ఇంట్లో పసిపిల్లల్ని చూసుకోవలసిన తల్లి అలాంటి పనిగంటలకు తట్టుకోలేక ముందుగా తప్పుకుంటారు. ద్వారం తెరిచి ఉంచి గడప ఎత్తుగా కట్టినట్లు ఉంటుంది ఆ పద్ధతి.

2021లో నాటకశాలలు మళ్లీ తెరిచినప్పుడు ఆ శరత్కాలంలో బ్రాడ్‌వేలో కొత్తగా వచ్చిన నాటకాలలో ఏడు నల్లజాతి రచయితలవి. ‘ట్రబుల్ ఇన్ మైండ్’ వాటిలో ఒకటి. ఇది చిన్న విషయం కాదు. కానీ వ్యాధి భయం ఇంకా తగ్గని, ప్రేక్షకులు తక్కువగా ఉన్న సమయంలో అవి రంగంలోకి దిగాయి. కొన్ని అనుకున్న తేదీ కంటే ముందే ముగిసిపోయాయి. 2022లో రెండు బ్రాడ్‌వే శాలలకు జేమ్స్ ఎర్ల్ జోన్స్, లీనా హార్న్ పేర్లు పెట్టారు. ఆగస్ట్ విల్సన్ పేరు 2005 నుంచే ఒక శాల మీద ఉంది. పేర్లు మారడం మంచిదే. అయితే పేరు గోడ మీద ఉంటుంది. మన ప్రశ్న లోపల జరిగే రిహార్సల్ గురించి.

9. విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలు

పై చర్చ అంతటినీ దృష్టిలో ఉంచుకుని, ఏ నాటక సంస్థ సంకల్పాన్నైనా పరిశీలించేటప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, వేదిక మీద ఎవరున్నారు? ఇది మొదటి ప్రశ్న. దీనితో ఆగిపోకూడదు.
రెండు, ప్రేక్షకులలో ఎవరున్నారు? టికెట్ ధర, శాల ఉన్న చోటు ఎవరిని దూరం పెడుతున్నాయి?
మూడు, నాటకాన్ని ఎంపిక చేసిందెవరు? డబ్బు ఎవరి చేతిలో ఉంది?
నాలుగు, పనిచేసే పద్ధతి ఎవరికి అనుకూలంగా ఉంది?
ఐదు, లోపల ఎవరైనా ‘సరికాదు’ అన్నప్పుడు ఏం జరిగింది? ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నారు?

మొదటి నాలుగింటికి సంస్థ పత్రాలలో జవాబులు దొరకవచ్చు. ఐదోదానికి దొరకదు. పనిచేసినవారిని అడగాలి, మానేసినవారిని వెతికి మరీ అడగాలి. అందుకే అది కష్టమైన ప్రశ్న, అసలైన ప్రశ్న కూడా.

ఈ కొలమానానికి పరిమితి కూడా ఉంది. ప్రతి అభ్యంతరమూ సరైనదే కానక్కరలేదు. దర్శకుడు అందరి మాటా వింటూ కూర్చుంటే నాటకం తయారు కాదు. నాటకం అడుగుతున్నది విలెట్టా మాటే నెగ్గాలని కాదు. ఆమె ప్రశ్నకు కారణంతో జవాబు రావాలని. మ్యానర్స్ దగ్గర మంచి జవాబు ఉండి ఉంటే చెప్పేవాడు. లేకపోవడం వల్లనే గదిని ఖాళీ చేయించాడు.

10. సారాంశం

జాతివివక్షను ఖండించే నాటకం వేస్తున్న బృందంలోనే వివక్ష ఎలా నిలిచి ఉంటుందో ‘ట్రబుల్ ఇన్ మైండ్’ చూపింది. దర్శకుడి మంచి ఉద్దేశం దానికి అడ్డు కాలేదు. నటి కోపాన్ని నటనగా ఆహ్వానించిన గది, అదే కోపాన్ని అభిప్రాయంగా భరించలేకపోయింది. నాటకానికి ఎదురైన అనుభవం దాని కథనే రుజువు చేసింది. విల్సన్ సొంత సంస్థలు కావాలన్నారు. 2020 నాటి కళాకారులు పని పద్ధతులే మారాలన్నారు. ఇవన్నీ విలెట్టా ప్రశ్నకు కొనసాగింపులే. పిలవకపోయినా రేపు వస్తానన్న ఆమె మాట దగ్గర నాటకం ఆగుతుంది. ఆమె వచ్చాక తలుపు తీస్తారో లేదో చిల్డ్రెస్ చెప్పలేదు. ఆ జవాబు ఏ సంస్థకు ఆ సంస్థ ఇచ్చుకోవలసిందే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. నేల మీద కాగితం ఘట్టాన్నీ, ‘నీ కొడుకైతే?’ ఘట్టాన్నీ పోల్చి, మ్యానర్స్ పాత్రను విశ్లేషించండి.
2. షెల్డన్ మౌనాన్ని పిరికితనం అనవచ్చా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
3. ఆగస్ట్ విల్సన్, రాబర్ట్ బ్రూస్టీన్ వాదాలను వివరించి, ఒక్కొక్కదానిలోని బలాన్నీ బలహీనతనూ చర్చించండి.
4. మీ ప్రాంతంలో నాటకాలు వేసే ఒక సంస్థనో సమాజాన్నో ఎంచుకోండి. కులం, స్త్రీపురుష భేదం విషయంలో పై ఐదు ప్రశ్నలను దానికి అన్వయించి రెండు పుటల వ్యాసం రాయండి. ఐదో ప్రశ్నకు జవాబు కోసం కనీసం ఇద్దరితో మాట్లాడండి. వారి పేర్లు వ్యాసంలో రాయవద్దు.